పోలినాయుడి వీపు మీద ఆఫీసు

పోలినాయుడికి వీపు దురద పెట్టింది. కథ అక్కడితో అయిపోవలసింది. దురద పెడితే గుంజకు ఆనుకుని నాలుగుసార్లు అటూ ఇటూ రాసుకుని పనిలోకి పోయే మనిషే అతను. ఒక మాటకు రెండో మాట ఖర్చుపెట్టే రకం కూడా కాదు. కానీ ఆకుమడిలో విత్తనం చల్లిన నాటి నుంచి ఆ దురదకు కొత్త గుణం పట్టుకుంది. గోరు ఎక్కడ నడిస్తే అక్కడ చర్మం లేచి నిలబడేది. గీత గీస్తే గీత, సున్నా చుడితే సున్నా. ఒక అరగంట అలా ఉండి, చుట్టం వచ్చి వెళ్లినట్టు, దానంతట అదే అణిగిపోయేది.

పెళ్లాం తవిటమ్మ వేపాకు నూరి పట్టించింది. పసుపు పట్టించింది. పట్టించిన వేళ్ల గుర్తులు కూడా వీపు మీద లేచి నిలబడేసరికి ఆవిడకు విసుగొచ్చింది.

"ఇలగ కాదు గానీ మావా, టవున్లో దురదలకే ఓ పెద్దాసుపత్రి ఉన్నాదట. ఎల్లి ఓ బిల్ల మింగి వొచ్చీ. ఆకు పీకే యేళకి మాత్రం ఇంటికాడుండాల. ఆకు ముదిరిపోతే మరేటీ నేదు మనకి."

నారును ఆ వైపు ఆకు అంటారు. అదను చూసి పీకి మడిలో నాటితే పంట. అదను దాటితే ముదిరిపోతుంది. ముదిరిన ఆకు నాటినా పిలక వేయదు. పోలినాయుడికి ఉన్నది ఒక్క చెక్క భూమి. ఆ మడి ఎండితే ఆ ఏడు ఇంట్లో గింజ ఉండదు.

"సాయంత్రం బస్సుకి వొచ్చెత్తాను," అని పోలినాయుడు తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

ఆ ఆసుపత్రి పూర్తి పేరు అరుదైన చర్మవ్యాధుల మరియు అసాధారణ దురదల పరిశోధనా కేంద్రం. బోర్డు చదవడానికే కొంత ఓపిక కావాలి. కొండవాలు మీద దూరదూరంగా భవనాలు కట్టారు. ఒక భవనంలో దురద చూస్తారు, మరో భవనంలో దాని వివరాలు దాస్తారు, ఇంకో భవనంలో ఆ వివరాలకైన ఖర్చు లెక్క చూస్తారు. అన్నిటికంటే పైన, గాలి బాగా వచ్చేచోట, డైరెక్టరు డాక్టర్ త్రిలోచనరావు గారు ఉంటారు.

పోలినాయుడు వెళ్లేనాటికి ఆ కేంద్రంలో కాగితం లేదు. డైరెక్టరు గారు అంతకు కొద్దిరోజుల ముందే రాజధానిలో కాగితరహిత పరిపాలన గురించి జరిగిన ఒక సదస్సుకు వెళ్లి, శాలువా కప్పించుకుని వచ్చారు. వచ్చిన మర్నాడే కేంద్రంలో ఉన్న తెల్లకాగితాలన్నీ లారీకెత్తించి తూకానికి వేయించారు. కంప్యూటర్లు త్వరలో రానున్నవి. అవి వచ్చేవరకు సిబ్బంది అన్నీ జ్ఞాపకం ఉంచుకోవాలని ఉత్తర్వు. ఆ ఉత్తర్వు కూడా నోటితోనే ఇచ్చారు. చీటీల కిటికీ దగ్గర గుమస్తా ప్రతి రోగి చెవిలో నంబరు చెప్పి పంపుతున్నాడు. ఏళ్ల తరబడి రాసిన చేతులు ఊరుకోక, కొంతమంది ఉద్యోగులు బల్లల మీద వేలితో నోట్‌ఫైళ్లు నడుపుతున్నారు.

పోలినాయుణ్ని చూసింది వసుధ అనే చిన్న డాక్టరమ్మ. చెంచా కాడతో వీపు మీద ఒక గీత గీసి, అది లేవడం చూసి, "ఇదేం భయపడాల్సింది కాదు, చర్మం కొంచెం తొందరపడుతోంది అంతే. రోజుకో మాత్ర వేసుకో, అణిగిపోతుంది," అంది. అని మందు రాయడానికి చెయ్యి చాపింది. కాగితం లేదు. నంబర్లే జ్ఞాపకం ఉండని చీటీల గుమస్తా కళ్లముందు మెదిలాడు. ఇంత పొడుగు మందు పేరు ఈ ముసలాయన కొట్టుదాకా మోసుకుపోలేడని తోచింది. చేతిలో చెంచా ఉంది. ఎదురుగా వీపు ఉంది.

"కదలకు నాయుడూ," అని ఆమె మందు పేరు, మోతాదు, తేదీ చక్కగా రాసింది. "మందుల గదిలో ఈ వీపు చూపించు. మాత్రలిస్తారు."

ఆమె చేసిన తప్పల్లా ఇదొక్కటే.

మందుల గదికి పోయే వసారాలో డైరెక్టరు గారు ఎదురుపడ్డారు. చొక్కా చేతపట్టుకుని పోతున్న పోలినాయుణ్ని దాటి నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి వచ్చారు. కళ్లజోడు సవరించుకుని చదివారు. పక్కనున్న రికార్డుల అధికారి గున్నేశ్వరరావు చేత పైకి చదివించారు.

"గున్నేశ్వరరావు గారూ, మనం యంత్రాల కోసం ఎదురుచూస్తున్నాం. ప్రకృతి మనకు రోగినే రికార్డుగా పంపింది!"

"చిత్తం. చెదపట్టదండి."

"చిరగదు."

"ఎలకలు కొట్టవండి. నిప్పు కూడా..."

"నిప్పంటుకుంటే అరుస్తుంది. ఇప్పటివరకు ప్రభుత్వంలో ఏ ఫైలైనా అరిచిందా?"

గున్నేశ్వరరావు తన సర్వీసంతా తలుచుకుని, అరవలేదని ఒప్పుకున్నాడు.

పోలినాయుడు గొంతు సవరించుకున్నాడు. "బాబూ, నా బిల్ల?"

"ఏ బిల్ల?"

"దురదకండి. డాక్టరమ్మ రాసినాది కదండి."

వసుధను పిలిపించారు. మాత్ర వేసుకుంటే ఏమవుతుందని అడిగారు. దద్దులు రావడం ఆగిపోతుందని ఆమె చెప్పింది. ఆగిపోతే రాసింది కనబడుతుందా అని అడిగారు. కనబడదంది.

"అనగా ప్రభుత్వ రికార్డు ధ్వంసమవుతుంది," అన్నారు డైరెక్టరు గారు. "డాక్టరు గారూ, మీరు చిన్నవారు కనుక ఈసారికి ఉపేక్షిస్తున్నాను."

పోలినాయుణ్ని పరిశోధన నిమిత్తం చేర్చుకున్నారు. సాయంత్రం బస్సు అతను లేకుండానే వెళ్లిపోయింది.

మొదట్లో వీపు మీద అతని సంగతులే రాశారు. పేరు, ఊరు, వ్యాధి. అంతలో పక్క మంచం మీద రొయ్యలు తింటే మూతి వాచే మనిషి వివరాలకు చోటు లేకపోయింది. ఇంత వెడల్పు వీపు ఒక్క కేసుకే కేటాయించడం వృథా వ్యయమని లెక్కల అధికారి అభిప్రాయపడ్డాడు. దాంతో మూతి వాచే మనిషి ఎడమ రెక్క కిందకి వచ్చాడు. ఎండ తగిలితే ఎర్రబడే పంతులుగారు, గాజులు పడని కోడలు, గంధం పడని పూజారి నడుం దాకా దిగారు. ఆ తర్వాత హాజరుపట్టీ వచ్చింది. ఆ వెనకే క్యాంటీను వడల లెక్క. కుడి భుజం వచ్చే ఉత్తరాలకు, ఎడమ భుజం పోయే ఉత్తరాలకు ఖాయమయ్యాయి. వెన్నెముకను మార్జిను అన్నారు. దాని మీద ఎవరూ రాయకూడదని ఉత్తర్వు. అక్కడే దురద ఎక్కువ.

రాసింది అరగంటకు మాసిపోయేది. అందుకని పునర్లేఖన విభాగం పెట్టారు. ఇద్దరు గుమస్తాలు మంచానికి అటూ ఇటూ కూచుని, మాసిపోయినదాన్ని జ్ఞాపకం నుంచి మళ్లీ రాసేవారు. జ్ఞాపకాలు మనుషుల్ని బట్టి ఉంటాయి. పొద్దున ఆఖరున ఉన్న జూనియరు గుమస్తా మధ్యాహ్నానికి సీనియరయ్యాడు. సాయంత్రానికి అతని మేనత్త కొడుకు డ్యూటీలో ఉండగా సూపరింటెండెంటయ్యాడు. వడ ఉదయం ఒక ధర, టీ వేళకు ఒక ధర. మూతి వాచే మనిషి వ్యాధి మూడుసార్లు రాసేసరికి మోకాలికి దిగింది. మోకాలికి కట్టు కట్టారు. మూతి వాపు దానంతట అదే తగ్గింది కనుక, ఆ చికిత్స విజయవంతమైనట్టు నమోదు చేశారు.

పోలినాయుడు బోర్లా పడుకుని ఇదంతా వింటుండేవాడు. ఎవరైనా గుమస్తా గోరు తగిలేలా రాస్తే హాయిగా ఉండేది. "మరికాస్త గట్టిగా రాయి బాబూ," అనేవాడు. మిగతా వేళల్లో కిటికీలోంచి మబ్బు ఎటు పోతోందో చూసేవాడు. మబ్బు తన ఊరివైపే పోయేది.

ఆడిట్ వారు వచ్చారు. వచ్చినాయన పోలినాయుణ్ని కూర్చోబెట్టి, వెనక్కి తిప్పి, "నిన్నటిది చూపండి," అన్నాడు.

"నిన్నటిది మాసిపోయిందండి," అన్నాడు గున్నేశ్వరరావు.

"ఎవరు మాపారు?"

గున్నేశ్వరరావు చుట్టూ కలియజూశాడు. ఆఫీసులో ఉన్నవాళ్లలో సర్వీసు రూల్సు వర్తించనివాడు ఒక్కడే కనిపించాడు. "వీపు అతనిదేనండి," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే పోలినాయుడికి మెమో ఇచ్చారు. వీపు మీదే ఇచ్చారు. గున్నేశ్వరరావు రాస్తూ పైకి చదివాడు:

"తమ వీపు యందు భద్రపరచిన అధికారిక వివరములను తాము ఉద్దేశపూర్వకముగా చదును చేసినట్లు పై అధికారుల దృష్టికి వచ్చినందున, తమపై ఏల చర్య తీసుకొనరాదో ఇందుమూలముగా సంజాయిషీ సమర్పించవలసినది. సంజాయిషీ ఇదే రికార్డునందు, మెమో దిగువన, స్వహస్తముతో రాయవలెను."

"నా సెయ్యి అందదు కదా బాబూ."

"అందినంత మేర రాయవచ్చు. రూల్సులో అవకాశం ఉంది."

పోలినాయుడు చెయ్యి వెనక్కి పెట్టి అందినంత మేర గోక్కున్నాడు. గున్నేశ్వరరావు వంగి చూసి, "సంజాయిషీ సంతృప్తికరంగా లేదు. కానీ దస్తూరీ బాగుంది," అన్నాడు.

ఆ వారం తవిటమ్మ బస్సు దిగింది. చేతిలో గుడ్డమూట, అందులో తడిగుడ్డ చుట్టిన నాలుగు ఆకు మొక్కలు. వార్డులోకి వచ్చేసరికి మొగుడు బోర్లా ఉన్నాడు. సెలవు అడగడానికి వచ్చిన ఉద్యోగులు చెంచాలు పట్టుకుని వరసలో ఉన్నారు.

"ఓలమ్మో! ఏటర్రా ఇది? ఆడి వీపు మీద ముగ్గులెడతన్నారేటి?"

"అమ్మా, ఆఫీసు జరుగుతోంది," అన్నాడు వరసలో ముందున్నవాడు.

తవిటమ్మ అతన్ని పక్కకు నెట్టి, మొక్కలు మొగుడి ముక్కు దగ్గర పెట్టింది. "సూడు మావా. కణుపు పడతంది. నీళ్లొచ్చీసినాయి, మడి దున్నించీసినాను. కూలోల్లు రేపో ఎల్లుండో మరో ఊరెళిపోతారు. నువ్వేటి, ఇక్కడ దొరలాగ పడుకున్నావు?"

పోలినాయుడు మొక్కను వేళ్ల మధ్య నలిపి చూశాడు. ముదురుతోంది. లేచి కూచున్నాడు. వరసలో ఉన్నవాళ్లంతా "కదలకు, కదలకు" అని అరిచారు.

"నానెల్లిపోతాను," అన్నాడు. ఆ కేంద్రంలో చేరాక అతను ఆజ్ఞలాగా అన్న మొదటి మాట అదే.

వసుధ పరుగెత్తుకొచ్చింది. విడుదల ఉత్తర్వు తానే రాస్తానంది. రాసింది కూడా. కానీ దాని కింద రికార్డుల అధికారి, సామాన్ల అధికారి, లెక్కల అధికారి, ఆఖరున డైరెక్టరు గారు వరుసగా సంతకాలు చెయ్యాలి. ఒక్కొక్కరిదీ ఒక్కో భవనం. దారంతా కొండ ఎక్కుడు. వీపు మీద రాసింది ఉండేది అరగంట.

పోలినాయుణ్ని రోగుల బండి మీద బోర్లా పడుకోబెట్టారు. తవిటమ్మ కొంగు బిగించి బండి తోసింది. వసుధ ముందు పరుగెత్తింది. గున్నేశ్వరరావు సంతకం తొందరగానే అయింది, అయితే తవిటమ్మ ముంజేతి వైపు ఆశగా చూసి, "అమ్మా, మీక్కూడా ఇలా లేస్తుందా? నకలు ఒకటి ఉంటే మంచిది," అన్నాడు.

"ఏదీ, సెయ్యేసి సూడు!" అంది తవిటమ్మ.

నకలు అక్కరలేదని ఆయన తీర్మానించాడు.

సామాన్ల అధికారి చెంచా లెక్క తేలాకగానీ సంతకం చెయ్యనన్నాడు. చెంచా చూపించారు. లెక్కల అధికారి భోజనానికి వెళ్లాడు. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చేలోపు మొదటి రెండు సంతకాలూ అణిగిపోయాయి. బండి మళ్లీ కిందికి దిగింది.

రెండోసారి లెక్కల అధికారి సీట్లోనే ఉన్నాడు. ఉత్తర్వు రెండుసార్లు చదివాడు. ఫైలు తనను తాను విడుదల చేసుకోమని కోరడం ఇంతకుముందు జరిగిందా అని అడిగాడు. జరగలేదన్నారు. ఆయన సంతకం చెయ్యకుండా, ఉత్తర్వుకు అడ్డంగా పెద్ద అక్షరాలతో "మాట్లాడండి" అని రాశాడు.

"మాటాడతాను బాబూ," అన్నాడు పోలినాయుడు బండి మీంచి. "ఆకు ముదిరిపోతంది."

"నాతో కాదు. అది ఆఫీసు భాష," అన్నాడు లెక్కల అధికారి.

అది మాసిపోయాక, మూడోసారి, కింది ముగ్గురి సంతకాలూ పడ్డాయి. ఎండ, ఎక్కుడు. తవిటమ్మకు ఆయాసం వచ్చింది. బండి చక్రం ఒకటి రాయికి తగిలి గిరగిరా తిరిగింది. పైభవనానికి చేరేసరికి డైరెక్టరు గారు ఫోనులో ఉన్నారు. కాగితరహిత పరిపాలనలో తమ కేంద్రం సాధించిన విజయం గురించి ఎవరికో చెబుతున్నారు. ఆ విజయం వసారాలో బోర్లా పడుకుని ఉంది. ఫోను పెట్టేసి ఆయన బయటకు వచ్చి చూశారు.

"ఏదీ?"

వసుధ వంగి చూసింది. లేత ఎరుపు తప్ప ఏమీ లేదు. "ఇప్పటిదాకా ఉందండి. ముగ్గురూ చేశారు."

"ఉంటే కనబడాలి. ఖాళీ వీపు మీద నేను సంతకం పెట్టాలా? రేపు ఎవడైనా పైన ఏదైనా రాసుకుంటే బాధ్యత ఎవరిది?"

"మీరు ముందు పెట్టేసి, ఆ తర్వాత మిగతావాళ్లు..."

"డాక్టరు గారూ! పైవాడు ముందు సంతకం పెడితే కిందివాళ్లు దేనికి?"

డైరెక్టరు గారు గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. వసుధ పోలినాయుడి చేతికి చొక్కా అందించి, తవిటమ్మ చెవిలో మందు పేరు చెప్పింది. ఆవిడ చేత అది పలికించింది. "బస్టాండు ఎదురుగా కొట్లో దొరుకుతుంది. మిగతాది మీ అదృష్టం," అంది.

మొగుడూ పెళ్లాలు గేటు దగ్గరకు వచ్చారు. గేటు జవాను కర్ర అడ్డం పెట్టాడు.

"రికార్డు బయటికి పోకూడదు. ఆర్డరుందా?"

"ఉండీది. మాసిపోనాది," అన్నాడు పోలినాయుడు.

జవాను చొక్కా విప్పించి చూశాడు. "ఏమీ లేదు. లోపలికి పదండి."

"ఓరి బాబూ, మడి దున్నించీసి వొచ్చినాను. ఆడు ఫైలు కాదురా, మొగుడు!" అంది తవిటమ్మ.

"నాకేం తెలుసమ్మా. నాకు ఫైలనే చెప్పారు."

బస్సు హారన్ కొట్టింది. ఎండకు, చెమటకు, పొద్దుటినుంచి పడిన సంతకాలకు పోలినాయుడి వీపు భగ్గుమంది. "ఒసే, ముందు కూసింత గోకే. ఆగనేకపోతన్నాను," అన్నాడు.

తవిటమ్మకు ఒళ్లు మండిపోతోంది. జవానును ఏమీ అనలేక, ఆ కోపమంతా పదివేళ్లలోకి తెచ్చుకుంది. పైనుంచి కిందికి ఒక్కసారి, అడ్డంగా ఒకసారి, ఐమూలగా రెండుసార్లు. భుజాల మీద మెలికలు తిప్పింది. "సచ్చినోల్లు, దొంగసచ్చినోల్లు" అంటూ ఒక్కో తిట్టుకు ఒక్కో గోకుడు గోకింది. పోలినాయుడు కళ్లు మూసుకున్నాడు. ఆ ఆసుపత్రిలో అతనికి జరిగిన వైద్యం అదొక్కటే.

జవాను మళ్లీ లోపలికి పదమనడానికి నోరు తెరిచి, తెరిచిన నోరు అలాగే ఉంచేశాడు. వీపు నిండా లేస్తున్నాయి. మెలికలు, కొక్కేలు, అడ్డగీతలు, చివర్న లాగివదిలిన తోకలు. ఒక్క అక్షరం చదవడానికి వీల్లేదు. అతను దగ్గరగా వచ్చి వేలు పెట్టి చూశాడు.

"ఇది లెక్కల సారుది. ఇలా అడ్డంగా కొట్టేది ఆయనొక్కడే. ఈ మెలిక గున్నేశ్వరరావు గారిది. ఈ పొడుగు తోక..." జవాను కర్ర తీసి చంకలో పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. "డైరెక్టరు గారిది! అమ్మా, ఇరవై ఏళ్లుగా ఈ గేటులో ఉన్నాను. ఇన్ని సంతకాలున్న ఫైలు చూళ్లేదు. వెళ్లండి వెళ్లండి, అరగంటలో బస్సెక్కెయ్యండి."

గేటు తెరుచుకుంది.

మర్నాడు తెల్లారకుండానే పోలినాయుడు ఆకుమడిలో దిగాడు. కూలివాళ్లు మరో రెండు మూడు రోజులు ఆగడానికి ఒప్పుకున్నారు. ఆకు చివర్లు కొంచెం గట్టిపడ్డాయి గానీ వేరు ఇంకా తెల్లగానే ఉంది. చెయ్యి పట్టి లాగితే వచ్చింది. అది చాలు అతనికి. బస్టాండు ఎదురుగా కొన్న మాత్ర కూడా పని చేసింది. వాన పడుతుంటే వీపు నున్నగా తడుస్తోంది తప్ప ఎక్కడా ఏదీ లేవడం లేదు.

కేంద్రంలో రికార్డు పోయిన సంగతి మూడోరోజుకు బయటపడింది. పోయినట్టు రాసుకోవడానికి రికార్డు లేదు. అందువల్ల ఎవరి మీదా చర్య లేదు. కానీ జీతాల రోజు దగ్గరపడింది. ఎవరెవరు ఉద్యోగులో ఆ వీపుకే తెలుసు. గున్నేశ్వరరావును పంపించారు.

ఆయన చెప్పులు చేతపట్టుకుని, జేబులో చెంచాతో, గట్టు వెంట వచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి మడిలో దిగి, వంగి నాటుతున్న పోలినాయుడి వెనక నిలబడి, వీపు మీద శ్రద్ధగా గీశాడు. చూశాడు. మళ్లీ గీశాడు. వాన నీళ్లు చెంచాకాడ వెంట జారిపోయాయి.

"రావడం లేదు నాయుడూ."

"రాదు బాబూ. బిల్లేసుకున్నాను."

గున్నేశ్వరరావు ముఖం చిన్నదైంది. వట్టిచేతులతో వెళితే ఏం చెప్పాలో ఆయనకు తోచలేదు. వెళ్లకపోతే ఎక్కడుండాలో అంతకంటే తోచలేదు. తవిటమ్మ అటు చూసి, ఒక ఆకుకట్ట విసిరింది. అలవాటుకొద్దీ ఆయన అందుకున్నాడు.

"నిలబడి ఏటి సూత్తావు బాబూ? వంగు. నాలుగేసి పరకలెట్టు. సంతకం పెట్టినట్టు కాదు, లోతుగా."

ఆయన వంగాడు. మొదటి వరస గవర్నమెంటు దస్తూరీలా మెలికలు పోయింది. నాటే ఆడవాళ్లు నవ్వారు. రెండో వరస కొంత దారికొచ్చింది. పొద్దు వాలేసరికి ఒక మూల ఆయన నాటినదే కనబడింది. అదను తప్పకుండా ఆఖరి కట్ట కూడా మడిలో పడింది. అంతా గట్టెక్కారు.

కాలవలో కాళ్లు కడుక్కుంటున్న గున్నేశ్వరరావు ఉన్నట్టుండి పిక్కలు పట్టుకున్నాడు. బురద ఆయన ఒంటికి పడలేదు. మోకాళ్ల దాకా దద్దులు లేచి ఎర్రగా ఉబ్బాయి. "నాయుడూ! దురద! ఏమిటిది? చూడు చూడు, గోరు పెడితే..."

పోలినాయుడు చుట్ట ముట్టించుకుంటూ వంగి ఆ పిక్కలను నిదానంగా చూశాడు. తర్వాత దారి వెంట ఇంకెవరైనా వస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాడు.

"కొబ్బరినూని రాసుకో బాబూ, తెల్లారేసరికి పోతాది," అన్నాడు గొంతు తగ్గించి. "ఆపీసులో మాత్రం ఎవలికీ సూపించకు."